టికెట్ వెనక రాసిన చిల్లర: మా హైస్కూలు గ్రౌండు పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెద్దలకు,

నమస్కారం. గ్రౌండు తాళంచెవి మీలో ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. బడి పెద్దలకు, ఊరి పాలన చూసే ఆఫీసు వారికి, ఆటల శాఖ వారికి, మీటింగులు పెట్టుకునే అన్ని రంగుల పార్టీల వారికి. మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక విషయానికొస్తాను.

నేను ఆర్టీసీలో ముప్పై ఏళ్లకు పైగా కండక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది కావలికీ కందుకూరుకూ మధ్య ఒక ఊరు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఒక్క ఆఫీసరుకు గుచ్చుకుంటుంది, మిగతావాళ్లు "మనది కాదులే" అని ఫ్యాను కింద కూర్చుంటారు. రాయకపోతే నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ హైస్కూలు గ్రౌండు ఉన్న ప్రతివాళ్లూ ఒకసారి కిటికీలోంచి బయటికి చూస్తారని ఆశ.

కండక్టరుకు ఒక విద్య బాగా అబ్బుతుంది. సంచిలో చిల్లర లేనప్పుడు ప్రయాణికుడికి రావాల్సిన బాకీ టికెట్ వెనక రాసి, చుట్టూ సున్నా చుట్టి, "దిగేటప్పుడు తీసుకో" అంటాం. కొందరు దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని అడుగుతారు. కొందరు దిగాక గుర్తొచ్చి బస్సు వెనక పరిగెత్తుతారు. చాలామంది మర్చేపోతారు. వాళ్లు మర్చిపోయిన చిల్లర ఏమయ్యేదని మాత్రం అడక్కండి, ఆ లెక్క వేరు.

మీరు కూడా నాకు అలాగే రాసిచ్చారు. గ్రౌండుని ఆటకు వదలమని 2021 నుంచి నాలుగు అర్జీలు పెట్టాను. సర్వీసులో ఉన్నప్పుడు వీక్లీ ఆఫ్ సోమవారం పడేలా డిపోలో బతిమాలుకుని మరీ లైన్లో నిలబడ్డాను. అర్జీలు తీసుకునే ఆ సోమవారం కార్యక్రమానికి అప్పుడొక పేరు, ఇప్పుడొక పేరు. కిటికీ మాత్రం అదే, కిటికీ కింద అరిగిపోయిన గచ్చూ అదే. మొదటి అర్జీకి రసీదు ఇచ్చారు. రెండోది పెట్టేసరికి 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసి, కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరులోకి మార్చారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టినప్పుడు అదే కందుకూరును నెల్లూరు నుంచి ఇటు మార్చారు. కెప్టెన్‌కి నచ్చినప్పుడల్లా స్లిప్పులో ఉన్నవాణ్ణి బౌండరీకి, బౌండరీలో ఉన్నవాణ్ణి స్లిప్పుకి పంపినట్టుంది మా బతుకు. ఫీల్డరు ఎటైనా నడుస్తాడు. నా కాగితం ఏ జిల్లాకు నడిచిందో ఇంతవరకూ తేలలేదు. మూడో అర్జీ పెట్టిన పదకొండో రోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. సంతోషంగా చెప్పులేసుకుని గ్రౌండుకి వెళ్లాను. గేటుకి తాళం. లోపల ఎగ్జిబిషన్ వాళ్లు జెయింట్ వీల్ బిగిస్తున్నారు.

నాలుగో అర్జీకి స్వయంగా ముగ్గురు ఆఫీసర్లను కలిశాను. బడివారు, గ్రౌండు అద్దెకివ్వడం మా చేతిలో లేదన్నారు. ఊరి ఆఫీసువారు, స్థలం బడిది కదా అన్నారు. మూడో ఆఫీసువారు ఆటలు తమవేనని, నేల తమది కాదని అన్నారు. టెన్నిస్ బాల్ ఆడిన ఎవడికైనా ఇది తెలిసిన వ్యవహారమే. బంతి గాల్లో ఎత్తుగా లేస్తుంది. కింద ముగ్గురు ఫీల్డర్లు. "నీది! నీది!" "నాది కాదు, నీదే!" బంతి ముగ్గురి మధ్యలో మెత్తగా పడుతుంది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుంటారు. ఆ బంతిని నేనే.

అందుకని ఇప్పుడు ఫాలో ఆన్ ఆడుతున్నాను, అంటే బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటు పట్టడమన్నమాట. ఫాలో ఆన్ అంటే నాకు నామోషీ కాదు. కారణం చెబుతాను.

2001 మార్చి 14. ఒంగోలు నుంచి కందుకూరు ట్రిప్పు, నా డ్యూటీ. కోల్‌కతాలో ఆస్ట్రేలియాతో టెస్టు నాలుగో రోజు. అప్పటికి ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి ఉంది. వాళ్లు 445 కొడితే మనం 171కి చాప చుట్టేసి, 274 వెనకబడి ఫాలో ఆన్ ఆడుతున్నాం. డ్రైవరు వెనక సీట్లో ఒక పొగాకు బేరగాడు ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. కామెంటరీ హిందీలో రాగానే వెనక సీట్లవాళ్లు "ఏందంట? ఏందంట?" అనేవాళ్లు. ఆయన తిరిగి చూడకుండా వేళ్లు చూపించేవాడు. నాలుగు వేళ్లు లేస్తే బస్సంతా ఈలలు. టంగుటూరు దాటేదాకా ఒక్క వికెట్టూ పడలేదు. సింగరాయకొండలో రైలు ఎక్కాల్సిన ఒక పెద్దమనిషి స్టేజీ వచ్చినా లేవలేదు. "దిగండి సార్" అంటే, "నేను లేస్తే లక్ష్మణ్ అవుటైపోతాడయ్యా" అన్నాడు. ఆయనకు కందుకూరు దాకా ఇంకో టికెట్ కొట్టాను. రైలు పోయింది. లక్ష్మణ్ ఉన్నాడు. ద్రవిడ్ ఉన్నాడు. ఆ రోజంతా కలిపి 335 పరుగులు, ఒక్క వికెట్టూ పోలేదు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, ఇద్దరి మధ్య 376. మర్నాడు 171 పరుగులతో గెలిచాం. ఆ పెద్దమనిషి రైలు తప్పినందువల్లే గెలిచామని నేను ఇప్పటికీ కొందరితో వాదిస్తుంటాను.

ఇక సంగతులు. మా గ్రౌండు లేకపోతే ఎవరికేం నష్టమో వరసగా రాస్తున్నాను. అన్నిటికీ ఒకే బరువు లేదు. ఒకటి రెండు నవ్వుకుని వదిలేసేవి, ఒకటి రెండు కావు.

1. హెచ్ అక్షరం.

ఆమధ్య ఒక పెద్దాయన సభకు హెలికాప్టర్లో వస్తున్నారన్నారు. రాత్రికి రాత్రి టిప్పర్లతో గ్రావెల్ తోలారు. రోలర్ వచ్చింది. మేం ఏళ్ల తరబడి అర్జీల్లో "దయచేసి ఒక్క రోజు రోలర్ తిప్పించండి" అని రాసుకున్న ఆ రోలరే, తెల్లారేసరికి నాలుగు రౌండ్లు కొట్టి వెళ్లిపోయింది. మధ్యలో సిమెంటుతో గుండ్రం కట్టి, హెచ్ రాసి, సున్నం వేశారు. హెలికాప్టర్ దిగింది, ఇరవై నిమిషాల్లో ఎగిరింది. హెచ్ ఉండిపోయింది, సరిగ్గా మా పిచ్ మీద.

ఇప్పుడు బంతి సిమెంటు మీద పడితే తల మీదికి లేస్తుంది, గ్రావెల్ మీద పడితే కాళ్ల కింద నుంచి పోతుంది, రెండింటి అంచున పడితే ఎటుపోతుందో దేవుడికే ఎరుక. 1993లో మాంచెస్టర్‌లో ఆస్ట్రేలియా స్పిన్నరు షేన్ వార్న్ లెగ్ స్టంప్ అవతల వేసిన బంతికి ఇంగ్లండు బ్యాటరు గాటింగ్ ఆఫ్ స్టంప్ పోతే లోకమంతా నోరు తెరిచింది. మా ఊళ్లో ఏడో తరగతి పిల్లాడు ఓవర్‌కు రెండు అలాంటివి వేస్తున్నాడు. మెచ్చుకునే నాథుడు లేడు. పిల్లలు సర్దుకుపోయారు లెండి. హెచ్‌లో అడ్డగీతే ఇప్పుడు వాళ్ల క్రీజు. గీత దాటితే స్టంపింగ్. అంతమంది ఇంజనీర్లు నిలబడి గీయించిన క్రీజు ఇంకే ఊళ్లోనూ ఉండదు.

2. గుంటలు.

సంక్రాంతికి ఎగ్జిబిషన్, దీపావళికి టపాకాయల కొట్లు, మధ్యలో సభలు, పెళ్లి భోజనాల షామియానాలు. వచ్చిన ప్రతివాడూ గుంజలు పాతుతాడు, పోయేటప్పుడు గుంజ తీసుకుపోతాడు, గుంట మాకు వదులుతాడు. తిరునాళ్ల రోజుల్లో ఎద్దుల బండలాగుడు పందేలు పెడతారు. ఆ ఎద్దులంటే నాకూ మోజే, ఒంగోలు గిత్త మెడ విదిలిస్తే కన్ను తిప్పుకోలేం. కానీ బండ లాగిన చాళ్లు మిడాన్ నుంచి ఫైన్ లెగ్ దాకా అలాగే ఉంటాయి. వానాకాలం వాటిలో నీళ్లు నిలిస్తే కప్పలు బ్యాటింగ్‌కి దిగుతాయి.

కిందటేడు మా మనవడి స్నేహితుడొకడు, పదమూడేళ్లవాడు, లాంగాన్‌లో క్యాచ్ కోసం వెనక్కి పరిగెత్తి జెయింట్ వీల్ పాతిన గుంటలోకి మోకాలి దాకా దిగిపోయాడు. క్యాచ్ మాత్రం వదల్లేదు. రెండు చేతులూ గుంట పైకి ఎత్తి బంతి చూపించాడు. గుంటలో పట్టింది చెల్లదని బ్యాటింగ్ వాళ్లు, చెల్లుతుందని బౌలింగ్ వాళ్లు. అంపైర్ని నేను. గుంట కూడా గ్రౌండులో భాగమే, బౌండరీ దాటలేదు, అవుట్ అన్నాను. ఆ తీర్పు చెప్పాకే పిల్లాడు పైకి రావడం లేదని గమనించాం. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. వాళ్ల నాన్న రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. రాత్రంతా మేలుకుని పొద్దున్నే కొడుకుని ఎత్తుకుని బస్సెక్కి ఆస్పత్రికి తిరిగాడు. ఎక్సరేలకు, మందులకు, పోయిన కూలికి లెక్క వేస్తే గ్రౌండు మీద మీకు వచ్చిన ఒకరోజు అద్దె ఏ మూలకూ రాదనుకుంటాను. ఆ అద్దె ఎంతో నేను అడిగితే చెప్పలేదు గాబట్టి 'అనుకుంటాను' అన్నాను.

అంపైరుగా ముందు పిల్లాణ్ణి చూడాల్సింది. నేను బంతిని చూశాను. అది నా తప్పు, రాసుకుంటున్నాను.

3. అవ్వగారి ఉల్లిపాయల బుట్ట.

గ్రౌండుకి తాళం పడితే ఆట ఆగదు, వీధిలోకి వస్తుంది. మా వీధి వెడల్పు ఆటో పోయేటంత. అక్కడి చట్టాలు వేరు. వన్ పిచ్ వన్ హ్యాండ్ అవుట్. కాలవలో పడితే కొట్టినవాడే తియ్యాలి. కరెంటు తీగకు తగిలితే మళ్లీ వెయ్యాలి. మనిషి తక్కువైతే ఒకడు జోకర్, రెండు వైపులా ఆడతాడు. ఎదురింటి అవ్వ గోడ దాటితే అవుట్, పైగా బంతి పోయినట్టే.

ఆ అవ్వ బంతి ఇవ్వదు. ఉల్లిపాయల బుట్టలో వేసుకుంటుంది. ఒకరోజు నేను రాయబారం వెళ్లాను. బుట్ట ముందుకు తోసింది. ఎర్రవి, పచ్చవి, బొచ్చు ఊడి బోడిగా మారినవి, లెక్కపెడితే పదిహేడు. మధ్యలో అసలు ఉల్లిపాయలు నాలుగు. "నువ్వే చెప్పు నాయనా, పొద్దుగూకాక కూరకు తరుగుదామని చెయ్యి పెడితే బంతి వస్తా ఉండాది. నేనేం తినాల?" అంది. నా దగ్గర జవాబు లేదు. తలుపు మీద బంతి దెబ్బకు ఆమె మధ్యాహ్నం నిద్ర పోయి ఎన్నాళ్లైందో చెప్పింది. ఆమె పక్షాన కూడా ఈ లేఖ రాస్తున్నానని మనవి. ఉగాది నాడు పదిహేడూ తిరిగిచ్చేసింది, అది వేరే సంగతి. వాటిలో తొమ్మిది వారం తిరక్కుండా మళ్లీ బుట్టలోకే చేరాయి.

4. పరుగు.

ఇక్కడ నవ్వులాట లేదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు పరిగెత్తి చూపించాలి. మా ఊళ్లో ఆ ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న పిల్లలు ఇరవైమందికి పైనే, వారిలో ఆడపిల్లలూ ఉన్నారు. గ్రౌండు మూసి ఉంటే వాళ్లు తెల్లవారుజామున ఐదింటికి హైవే మార్జిన్‌లో పరిగెత్తుతున్నారు. చెన్నై వైపు చేపల లారీలు, కలకత్తా వైపు కంటైనర్లు పోయే దారి. ఆ టైములో డ్రైవర్ల కళ్లు ఎలా ఉంటాయో ఫస్ట్ సర్వీసుల మీద తిరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. రెప్ప బరువుగా వాలుతుంది, డ్రైవరు సీటు మీద కదిలి కూర్చుంటాడు, నేను వెనక నుంచి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేవాణ్ణి. లారీలో ఆ మాట్లాడేవాడు ఉండడు. ఇంతవరకూ ఏమీ జరగలేదు. జరిగాక రాసే లేఖ ఇలా ఉండదు.

2025 నవంబర్ 2న మన ఆడపిల్లలు నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్ గెలిచారు. ఆ జట్టులో శ్రీచరణి మన పక్క కడప జిల్లా అమ్మాయి. మర్నాడు సాయంత్రం మా వీధి ఆడపిల్లలు నలుగురు ప్లాస్టిక్ బ్యాటు తెచ్చుకుని గ్రౌండు గేటు దగ్గర నిలబడ్డారు. తాళం చూసి వెనక్కి రాలేదు. ఒకమ్మాయి గేటు ఊచల మధ్య నుంచి లోపలికి బంతి విసిరి, "అదుగో, మన మొదటి బాల్ పడింది" అంది. ఆ బంతి ఇంకా లోపలే ఉంది. వీలైతే ఇప్పించండి.

5. షుగరువాళ్లు, బీపీవాళ్లు.

మేమే. నడవమని డాక్టర్లంటారు. ఎక్కడ నడవాలో వాళ్లు చెప్పరు. ఇంతకంటే రాయను, ముసలివాళ్ల గోడు ఎవరికీ ఇంపుగా ఉండదు.

6. ఫోన్.

ఆడే చోటు లేని పిల్లాడు ఆట మానడు, ఆటను అరచేతిలోకి తెచ్చుకుంటాడు. మా బస్టాండు అరుగు మీద సాయంత్రం కూర్చుంటే వినబడే మాటలు ఇవి: "ఎవణ్ణి కెప్టెన్ పెట్టావు? ఎంత పెట్టావు?" మొదటి ప్రశ్న నాకు తెలిసిన క్రికెట్టే. రెండోదే కాదు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలను 2020లోనే నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ 2025లో కేంద్రం చట్టమే తెచ్చింది. మంచిదే. అయినా అరుగు మీద గుసగుసలు ఆగలేదు, యాప్ పేరే మారుతోంది. ఒక కుర్రాడు వాళ్లమ్మ పొదుపు సంఘం వాయిదా కట్టమని ఇచ్చిన డబ్బు ఒక రాత్రి మ్యాచ్‌లో పోగొట్టుకున్నాడు. ఆమె నా దగ్గరికొచ్చి, "అన్నా, నువ్వు చిన్నప్పుడు వాడికి బ్యాటు పట్టడం నేర్పావు గదా, ఇదీ అదేనా?" అని అడిగింది. కాదని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. పోలీసులు యాప్‌లు మూయించనీ, చట్టాలు రానీ. ఆ సాయంత్రం రెండు గంటలు ఆ కుర్రాడి చేతిలో ఫోనుకు బదులు బంతి ఉండాలంటే కావాల్సింది నేలే.

ఆ నేల ఎంతో లెక్క కట్టాను. పిచ్ పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. వెడల్పు 10 అడుగులు. మొత్తం 660 చదరపు అడుగులు. సెంట్లలో సుమారు సెంటున్నర. మా నెల్లూరు లెక్కలో అంకణానికి 72 చదరపు అడుగుల చొప్పున తొమ్మిది అంకణాలు, పైన కాస్త చిల్లర. ఇళ్లు లేనివాళ్లకు 2020లో పల్లెల్లో పట్టాలిచ్చింది దాదాపు ఇంతే, సెంటున్నర. మాకు పట్టా వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు, పేరు మీద రాయక్కర్లేదు. ఆ సెంటున్నరలో గుంజ పాతకుండా ఉంటే చాలు. చుట్టూ ఉన్న మిగతా ఎకరాల్లో మీరు సభలు పెట్టుకోండి, వీల్ తిప్పుకోండి, ఎద్దులను తోలండి.

మేం చిన్నప్పుడు ఆ సెంటున్నర మీద కొబ్బరిపీచు మ్యాట్ పరిచి, అంచులకు మేకులు కొట్టి ఆడేవాళ్లం. 1983 జూన్‌లో కపిల్‌దేవ్ టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద 175 కొట్టాడు, 17 పరుగులకే ఐదు వికెట్లు పోయిన స్థితి నుంచి. ఆ మ్యాచ్‌కి కెమెరాల్లేవు, ఆ ఇన్నింగ్స్ వీడియో ఎవరి దగ్గరా లేదు. ఆ ఎండాకాలంలోనే నేను పక్క ఊరి జట్టు మీద 61 కొట్టాను. దానికీ వీడియో లేదు. ఈ ఒక్క విషయంలో కపిల్‌కీ నాకూ పోలిక ఉంది.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను. ఒక్కోటి ఒక్కో చిల్లర బాకీ.

ఒకటి, గ్రౌండు గేటు మీద బోర్డు పెట్టండి. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, ఏ రోజు ఎవరికి అద్దెకిచ్చారు, ఎంతకిచ్చారు, ఆ డబ్బులో గ్రౌండుకి ఎంత ఖర్చు పెట్టారు. బస్సుకి ముందు బోర్డు లేకపోతే ఎవరూ ఎక్కరు. పదిమందిదైన నేలకు బోర్డు లేకపోవడమేమిటి?

రెండు, పైన చెప్పిన సెంటున్నర చుట్టూ నాలుగు రాళ్లు పాతి తాడు కట్టండి. ఏ సభకూ, ఏ ఎగ్జిబిషన్‌కూ అది ఇవ్వకూడదు.

మూడు, అద్దెకు తీసుకునేవాడి దగ్గర ముందే డిపాజిట్ కట్టించుకోండి. వారంలో గుంటలు పూడ్చి, మేకులు ఏరి, చదును చేస్తేనే వాపసు. చెయ్యకపోతే ఆ డబ్బుతో మీరే చేయించండి. కండక్టరు లెక్కలో తేడా వస్తే జీతంలోంచి పట్టుకుంటారు. నేను ముప్పై ఏళ్లు ఆ భయంతోనే రాత్రిళ్లు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాను. గుంట తవ్వినవాడికి ఆ భయంలో పావు వంతు ఉన్నా చాలు.

నాలుగు, పొద్దున ఐదు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు గేటు తీసి ఉంచండి. ఎగ్జిబిషన్ ఉన్న రోజుల్లో కూడా పరిగెత్తేవాళ్లకు ఒక అంచు వదలండి. ఆడపిల్లలకు వారంలో కొన్ని సాయంత్రాలు కేటాయించండి. నీళ్లొచ్చే కుళాయి, గడియ పడే తలుపు ఉన్న మరుగుదొడ్డి ఒకటి కట్టించండి. ఇది నాలుగో స్థానంలో రాశాను గానీ ముందు చెయ్యాల్సింది ఇదే.

ఐదు, రోలర్. ఈసారి హెలికాప్టర్ కోసం తెచ్చినప్పుడు, వెళ్లేముందు ఒక గంట మాకివ్వండి. డీజిలు ఖర్చు నా పెన్షన్‌లోంచి పెట్టుకుంటాను. హెచ్‌ని పగలగొట్టొద్దు, పిల్లలు అలవాటుపడ్డారు. దాన్ని పక్కకు జరిపే ఉపాయం ఉంటే సంతోషం.

ఇవన్నీ చెయ్యలేమంటే అదైనా కాగితం మీద సంతకంతో చెప్పండి. అంపైరు వేలెత్తితే నడిచి వెళ్లిపోవడం మాకు తెలుసు. వేలూ ఎత్తడు, తలా ఊపడు, టీ తాగడానికి వెళ్లాడు అంటేనే కష్టం.

గడువు కూడా చెప్పాలి కదా. వచ్చే రొట్టెల పండగ. ఎందుకంటే నాకొక మొక్కు ఉండిపోయింది.

2023 జూలై ఆఖర్లో నెల్లూరు బారాషహీద్ దర్గాకి ఆ పండక్కి వెళ్లాను. అక్కడ కోరిక ఉన్నవాళ్లు ఆ పేరు రొట్టె అడిగి తీసుకుని తింటారు, కోరిక తీరాక మళ్లీ పండక్కి వచ్చి ఆ రొట్టె ఇంకొకరికి ఇస్తారు. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి జనం ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె అని కేకలేస్తున్నారు. నేను "కప్పు రొట్టె! వరల్డ్ కప్పు రొట్టె!" అని అరిచాను. ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి నన్ను పైకీ కిందికీ చూసి, "కప్పు రొట్టె లేదబ్బయా, ఆరోగ్యం రొట్టె తీస్కో. నీ మొకం చూస్తే అదే కావాల" అంది. ఆ రొట్టె మీదే కప్పు కోరుకుని తిన్నాను. నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ఏమైందో మీకు తెలుసు. వరసగా పది గెలిచి, ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో ఆరు వికెట్లతో ఓడాం. ఆ రాత్రి ఇంట్లో వండిన చేపల పులుసు ఎవరూ ముట్టలేదు. నెల్లూరు పులుసు మర్నాటికి ఇంకా రుచి అంటారు. ఆ మర్నాడు కూడా గొంతు దిగలేదు. మొక్కు ఉత్తదే అనుకున్నాను. 2024 జూన్ 29న బార్బడోస్‌లో దక్షిణాఫ్రికా మీద 7 పరుగులతో టీ20 కప్పు వచ్చింది. ఏ కప్పో నేను సరిగ్గా చెప్పుకోలేదు, అందుకే అటూ ఇటూ అయింది. ఆ జూలైలో వెళ్లి కప్పు రొట్టె ఇంకొకరికి ఇచ్చి మొక్కు తీర్చుకున్నాను. ఆరోగ్యం సంగతి నా డాక్టరు చెప్పాలి.

అదే రోజు గ్రౌండు రొట్టె అడిగి తీసుకున్నాను. ఈసారి పొరపాటు లేకుండా, మా ఊరి హైస్కూలు గ్రౌండు, మధ్యలో సెంటున్నర అని వివరంగా చెప్పుకున్నాను. 2025లో పండక్కి వెళ్లాను గానీ ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేక, గట్టు మీద కూర్చుని బఠాణీలు తిని వచ్చేశాను. వచ్చే మొహర్రానికి ఇంట్లో రొట్టె చేయించి పట్టుకెళ్లాలని ఉంది. నీళ్లలో నిలబడి "గ్రౌండు రొట్టె" అని కేక వేస్తే చెయ్యి చాపేవాళ్లు చాలామందే ఉంటారు. ఏ ఊరివాడో కనుక్కుని మరీ ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు

తా.క.: ఈ లేఖ అందినట్టు రసీదు ఇచ్చే పక్షంలో, దయచేసి దాని వెనక ఏమీ రాయకండి.